గాజులు మెరుగుకిచ్చానండి

1970లలో తెనాలిలో మేమున్నది నాలుగు వాటాల ఇల్లు. నడుమ నుయ్యి, నూతి పక్కన తులసికోట, వెనక అందరికీ కలిపి ఒకటే దొడ్డి. వాటాకీ వాటాకీ మధ్య గోడలు కప్పు దాకా వెళ్లేవి కావు. మూరెడు ఖాళీ వదిలేసి, ఆ పైన వాసాలూ పెంకులూ. పక్క వాటా బాబాయిగారు అర్ధరాత్రి దగ్గితే మా నాన్న ఇవతల మంచం మీద విసుక్కుని అటు తిరిగి పడుకునేవారు. పొద్దున్నే పిన్నిగారు "రాత్రి మీ చిన్నది కలవరించినట్టుందే" అని అమ్మని పలకరించేది. అలాంటి ఇంట్లో ఏదైనా దాచుకోవాలంటే గోడల వల్ల అయ్యే పని కాదు, మాటలతోనే దాచుకోవాలి. ఆ విద్య మా అమ్మకి బాగా వచ్చు.

నూతి దగ్గర ప్రశ్నలు మొదలయ్యేవి. ఏం కూర? మీవారికి అన్నీ పోను చేతికెంతొస్తుంది? నిన్న సాయంత్రం గొడుగేసుకుని వచ్చినాయన మీకేమవుతారు? మీ తోడికోడలికి ఇంకా ఏం విశేషం లేదా? అడిగేవాళ్లకి చెడ్డ ఉద్దేశమేమీ ఉండేది కాదు. అదే అసలు చిక్కు. మాకు జ్వరాలొస్తే చారన్నం కలిపి తెచ్చేది ఆ చేతులే. అలాంటివాళ్ల మొహం మీద "అది మీకు చెప్పక్కర్లేదు" అనడం ఎలా? అన్నారంటే ఆ రోజు నుంచి తోడిన నీళ్లు కూడా దించిపెట్టరు. అందుకని అమ్మ ఏదో ఒకటి చెప్పేది.

నెలాఖరు రోజుల్లో మా ఇంట్లో కూర ఉండేది కాదు. చారు, గోంగూర పచ్చడి, మజ్జిగ. కానీ పది గంటలకల్లా అమ్మ మూకుడు వేడి చేసి ఇంత ఇంగువ పోపు చెంయ్‌మనిపించేది. గోడ మీదుగా వాసన వెళ్లాలిగా. "ఇవాళ వంకాయా?" అని అవతల నుంచి వినపడితే "ఆఁ, కాస్త కారం పెట్టి" అనేది. మేం ముగ్గురం పిల్లలం కంచాల ముందు కూర్చుని పచ్చడన్నంలో వంకాయ కూర వాసన చూసుకునేవాళ్లం.

గాజుల సంగతి ఇంకా పెద్దది. స్కూలు ఫీజులకో పండగ ఖర్చుకో అమ్మ రెండు గాజులు తాకట్టుకి వెళ్తుండేవి, వస్తుండేవి. బోసి చేతులు ముందుగా కనిపెట్టేది ఇంటిగలావిడే. "గాజులేవమ్మాయ్?" అంటే అమ్మ తడుముకోకుండా "మెరుగుకిచ్చానండి పిన్నిగారూ, అంట్లు తోమీ తోమీ మసకేసిపోయాయి" అనేది. కంసాలి మెరుగు పెట్టడానికి నెలలు ఎందుకు పడుతుందో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

మా నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. అబద్ధం ఆడరని ఊళ్లో పేరు. నిజంగానే ఆడేవారు కాదు. నాకు చాలా ఏళ్లు పట్టింది దాని వెనకున్న ఏర్పాటు అర్థం కావడానికి. ఇంటిగలావిడ అరుగు మీద పేపరు చదువుతున్న నాన్నని ఏదైనా అడిగితే, ఆయన కళ్లజోడు సర్దుకుని "ఆ విషయాలన్నీ మా ఆవిడకే తెలుసండీ" అని మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయేవారు. ఆవిడ లోపలికి వచ్చి అమ్మనడిగేది. అమ్మ చెప్పాల్సింది చెప్పేది. అలా నాన్న నిజాయితీకి కావలసిన అబద్ధాలన్నీ అమ్మ ఖాతాలో పడేవి. మగవాడు జవాబివ్వకపోతే పెద్దమనిషి, మితభాషి. ఆడది జవాబివ్వకపోతే పొగరు. ఇది నేను ఇప్పుడంటున్న మాట. అప్పుడైతే నాన్న గొప్పవారనీ, అమ్మ కొంచెం తక్కువనీ నమ్మేదాన్ని.

వాళ్లిద్దరికీ దీని మీద వాదన జరుగుతూనే ఉండేది, అదీ పురాణాల్లో. పోతన భాగవతంలో వామనుడికి మూడడుగులూ ఇస్తానన్న బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన బోధ తెలుగువాళ్లకి నోటికొచ్చిన పద్యమే: "వారిజాక్షులందు, వైవాహికములందు..." అని. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణమూ ధనమూ మానమూ పోయేచోట, భయపడ్డ గోవులనీ విప్రులనీ కాపాడేటప్పుడు బొంకవచ్చు, పాపం అంటదు అని. నాన్న దాన్ని రాగయుక్తంగా చదివి, "చెప్పిందెవరో చూడాలి. రాక్షసుల గురువు. బలి విన్నాడా?" అనేవారు.

"వినకే కదా పాతాళానికి పోయాడు" అనేది అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ.

"పాతాళం కాదు, సుతలం."

"ఏదైతేనేం, ఇల్లు పోయిందిగా. విత్తం, మానం అన్నాడు కదా, నాకు రెండూ ఆ గాజుల్లోనే ఉన్నాయి."

అమ్మ ఐదో క్లాసుతో ఆపేసింది కానీ రామాలయంలో పురాణ కాలక్షేపం వదిలేది కాదు. అక్కడ విన్న కౌశికుడి కథ ఆమె దగ్గరున్న పెద్ద ఆయుధం. భారతంలో కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే కథ అది. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన కౌశికుడి ముందు నుంచే కొందరు భయపడి పారిపోయి అడవిలో దాక్కుంటారు. వెనకాలే దొంగలొచ్చి ఎటు వెళ్లారని అడుగుతారు. ఆయన ఉన్నదున్నట్టు చూపిస్తాడు. దొంగలు వాళ్లని చంపేస్తారు, కౌశికుడు నరకానికి పోతాడు. "అదీ మీ సత్యం" అనేది అమ్మ. నాన్న దగ్గర జవాబుండేది. అక్కడున్నవి ప్రాణాలు, ఇక్కడున్నది వంకాయ కూర, రెండూ ఒకటెలా అవుతాయని. మాట న్యాయమే. కానీ నాన్న ఎప్పుడూ నూతి దగ్గరికి వెళ్లి నీళ్లు తోడలేదు.

పిల్లలకి చెప్పే అబద్ధాలు వేరు. అమ్మ నెలలో మూడు రోజులు వసారా మూల చాప మీద కూర్చుంటే "కాకి ముట్టుకుంది" అనేవారు. కాకి అమ్మనే ఎందుకు పదే పదే వెతుక్కుంటూ వచ్చి ముడుతుందో తెలియక మా తమ్ముడు రాళ్లు పట్టుకుని పెరట్లో కాపలా కాశాడు. పిల్లలకి తెలియకుండా అంత జాగ్రత్త పడ్డ ఆ విషయం పెద్దవాళ్లకి మాత్రం బహిరంగం. నాలుగు వాటాల్లో ఎవరు ఎప్పుడు బయట కూర్చున్నారో ఇంటిగలావిడకి తిథులతో సహా గుర్తు. ఎవరైనా ఒక నెల కూర్చోకపోతే ఆ ఇంటి మొగుడి కంటే ముందు ఆవిడకే తెలిసేది.

మా అక్క ఇంటర్మీడియట్ చదివేటప్పుడు దీని మీద తిరగబడింది. గొడవేమీ చెయ్యలేదు, చెప్పడం మానేసింది. మామూలుగా లేచి, మామూలుగా కాలేజీకి వెళ్లిపోయేది. అమ్మకి తెలుసు. తెలిసీ ఊరుకుని, ఇంటిగలావిడ అడిగితే "దానికింకా రాలేదండీ" అనేది. రెండు నెలలు అలా గడిచేసరికి ఆవిడ కంగారుపడి ఏవో వేళ్లు దంచి కషాయం కాచి తెచ్చింది. అక్క ఆవిడ ఎదురుగానే ముక్కు మూసుకుని తాగింది. అబద్ధానికి రుసుమంటూ ఉంటే అంతకంటే చేదుగా ఉండదు.

ఉత్తరాలకీ ఇదే తంతు. పదిహేను పైసల కార్డు మీద రాసిందంటే పోస్ట్‌మ్యాన్‌తో మొదలుపెట్టి వీధంతా చదివినట్టే. అందుకని మా పెద్దమ్మ డబ్బు కావాలంటే "పోయినసారి పంపిన కందిపప్పు బాగుంది, కుదిరితే మళ్లీ పంపు" అని రాసేది. కందిపప్పంటే యాభై రూపాయలు. మినప్పప్పంటే వంద. మా ఇంట్లో ఎప్పుడూ కందిపప్పే ఉండేది.

తర్వాత పి.పి. నంబర్ల కాలం వచ్చింది. ఇప్పటి పిల్లలకి చెప్పాలి. మనకి ఫోను లేకపోతే ఎదురింటివాళ్ల నంబరు రాసి పక్కన పి.పి. అని పెట్టేవాళ్లం. ఫోనొస్తే వాళ్లు కేకేస్తారు, మనం పరుగెత్తాలి. పెళ్లయ్యి హైదరాబాదు వెళ్లిన అక్క రాత్రి రేట్లు తగ్గాక ఎస్‌టీడీ బూత్ నుంచి చేసేది. ఎదురింటి హాల్లో భోజనాల వేళ, అందరూ కంచాల ముందు కూర్చుని ఉండగా, మూలనున్న స్టూలు మీద ఫోను. ఒకసారి అక్క చాలాసేపు ఏడ్చింది. అమ్మ ఇటు నుంచి "ఆఁ... ఊఁ... అలాగే... సరే సరే" తప్ప ఇంకేమీ అనలేదు. పెట్టేశాక ఆ ఇంటావిడ "ఏమంటోంది అమ్మాయి?" అంది. "ఏం లేదండీ, ఆవకాయ కొలతలడిగింది" అంది అమ్మ. అప్పుడు సంక్రాంతి ముగ్గులు వేస్తున్న రోజులు. పుష్యమాసంలో ఆవకాయేమిటని ఆవిడ అడగలేదు. "కొలతలదేముందండీ, చెయ్యి తిరగాలి గానీ" అని, అమ్మ చేతిలో గ్లాసుడు మంచినీళ్లు పెట్టింది. ఇద్దరికీ అన్నీ తెలుసు. ఆ అబద్ధంలో ఎవరూ మోసపోలేదు. దాన్ని పాపమనే ధర్మశాస్త్రం ఏదైనా ఉంటే అది రాసినవాడు ఎప్పుడూ పరాయి ఇంట్లో ఫోను ఎత్తి ఉండడు.

అన్నీ ఇంత తేలిగ్గా తేలేవి కావు. మా చిన్న బాబాయికి క్షయ వచ్చినప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం తీసుకెళ్లారు. 1915 నుంచీ నడుస్తున్న శానటోరియం అది. ఆ పేరు చెబితే చాలు, రోగమేదో చెప్పినట్టే. అందుకని మా ఇంట్లో అది "బెంగుళూరులో ట్రైనింగ్" అయింది. మదనపల్లె నుంచి బెంగుళూరు దగ్గరే కాబట్టి అబద్ధం మరీ దూరం పోలేదని అమ్మ సమాధానం. ఉత్తరాల మీద పోస్టాఫీసు ముద్ర కనపడుతుందని నాన్నే పోస్టాఫీసుకి వెళ్లి తెచ్చుకునేవారు. ఇంత చేస్తూ కూడా ఆయన నోటితో "ట్రైనింగ్" అనలేదు. మా చేతే అనిపించారు.

బాబాయి తిరిగొచ్చి మా వాటాలోనే ఆరు నెలలు ఉన్నాడు. ఇది నన్ను ఇప్పటికీ తొలిచే విషయం. అదే నూతి నీళ్లు, అవే పిల్లలం, పక్క వాటాలో పసివాడు. వాళ్లకి చెప్పాలా వద్దా? అమ్మ చెప్పలేదు. చెబితే మర్నాడే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, ఇంకా పెళ్లికాని మా పిన్నికి సంబంధాలు రావు. ఆ భయం ఊహ కాదు, అలా ఇళ్లు ఖాళీ చేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. తర్వాతెప్పుడో చదివాను. 1950ల చివర్లో మద్రాసులో చేసిన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్ల వల్ల ఇంటివాళ్లకి, శానటోరియంకి వెళ్లినవాళ్ల ఇళ్లలో కంటే ఎక్కువ ప్రమాదం ఏమీ రాలేదని తేలిందట. మందు మొదలుపెట్టాక అంటు త్వరగానే తగ్గిపోతుంది. బాబాయి కోర్సంతా వాడి వచ్చాడు. అయినా అమ్మకి అప్పుడీ సంగతి తెలియదు కదా. తెలియకుండానే పక్కింటి పసివాణ్ణి ఎత్తుకోనివ్వకుండా బాబాయిని ఏదో వంకతో పక్కకి పిలిచేది. ప్రతిసారీ పిలిచేది. దాచింది నిజమే, కానీ దాచినందుకు కాపలా కూడా తనే కాసింది.

నేను ఉద్యోగాల పరీక్షలు రాసే రోజుల్లో ఒక ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు?" అని అడిగారు. అప్పటికి ముహూర్తం పెట్టుకునున్నాం. "ఇంకా చూడటం లేదండీ" అన్నాను, కళ్లార్పకుండా. అమ్మ కూతుర్ని మరి. దాని గురించి ఒక్క రోజు కూడా నిద్ర పాడుచేసుకోలేదు. ఆ తర్వాత పేపర్లో చదివిన ఒక తీర్పు నాకిప్పటికీ గుర్తు. ఢిల్లీలో ఒకావిడ 1989లో ఎల్‌ఐసీ ఉద్యోగంలో చేరింది. చేరేముందు నింపిన ఫారంలో నెలసరి సరిగ్గా వస్తోందా, నొప్పి ఉంటుందా, చివరిసారి ఏ తేదీన వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని గడులు. 1990 జనవరిలో ఆమెకి బిడ్డ పుట్టింది. తేదీలు లెక్కగట్టి, ఫారంలో తప్పు రాసిందని వచ్చే నెలలోనే తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991 అక్టోబరు ఆఖర్లో కోర్టు ఆమెని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది. అసలు తప్పు ఆడవాళ్లని అలాంటి వివరాలు రాయమనడంలోనే ఉందని, ఆ గడులు ఫారంలోంచి తీసెయ్యమని చెప్పింది. నాకది చదివి మా ఇంటిగలావిడ కషాయం గుర్తొచ్చింది. ఆవిడ కనీసం పంచదార కూడా ఇచ్చింది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కలిసి, వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కేనని తేల్చారు. అంతకుముందు 1954, 1962 తీర్పులు చూపించి ప్రభుత్వం అలాంటి హక్కేదీ లేదని వాదిస్తూ వచ్చింది. కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరయినాయన, అప్పటికే తొంభై దాటినవారు. టీవీలో స్క్రోలింగ్ వస్తుంటే అమ్మకి చదివి చెప్పాను.

"ఇన్నాళ్లూ లేదా?" అంది.

"ఉందో లేదో తేలలేదమ్మా. ఇప్పుడు ప్రభుత్వం ఏదైనా అడిగితే..."

"ప్రభుత్వం ఎప్పుడడిగిందే నన్ను? అడిగేది ఎదురు ఫ్లాటావిడ. దానికేమైనా చెప్పారా?"

దానికేమీ చెప్పలేదు. మా అబ్బాయి మాత్రం బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు అడిగితే నోటికొచ్చిన పదంకెలు చెప్పేస్తాడు. అది ఎవరి నంబరో, ఎవరికి డిస్కౌంట్ మెసేజ్‌లు పోతున్నాయోనని నేను గొణుగుతాను. "ఇవ్వనంటే వాదన, ఇది ఈజీ" అంటాడు. వాళ్ల అమ్మమ్మ పోలికే, కానీ అమ్మమ్మ చెప్పే అబద్ధం మూడో మనిషికి తగిలేది కాదు. అదొక్కటే వాడికి రాలేదు.

ఇక మిగిలింది మా మేనత్త కూతురి సంగతి. నాకు వదిన వరస. ఎనభైల చివర్లో సంబంధం వచ్చింది. తనకి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. రోజూ రాత్రి గార్డినాల్ మాత్ర వేసుకుంటుంది. వేసుకుంటే ఏమీ ఉండదు. అత్తయ్య ఎవరికీ చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకుంది. దానికీ ఒక కారణం ఉంది. 1976లో హిందూ వివాహ చట్టంలో చేసిన సవరణ ప్రకారం మూర్ఛలు తరచూ వచ్చే మనిషి పెళ్లికే అర్హురాలు కాదు, అవతలివాళ్లు కోర్టుకి వెళ్లి పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. మూర్ఛ అన్న ఆ మాట చట్టంలోంచి తీసేసింది 1999లో. అంటే నిజం చెప్పినవాళ్లకి పెళ్లి లేదని చట్టమే అన్న రోజులవి. అలాంటి చట్టం కింద దాచినవాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు తండ్రి "అమ్మాయి ఆరోగ్యం అదీ బాగుంటుంది కదా మాస్టారూ?" అని నాన్నని అడిగారు. నాన్న గొంతు సవరించుకుని "బీఎస్సీలో కాలేజీ ఫస్టండీ" అన్నారు. అక్షరాలా నిజం. నేను తలుపు పక్క నుంచి విని, అమ్మ చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా ఆ ఒక్క నిజానికి సరిపోవనుకున్నాను. అమ్మ కూడా అక్కడే ఉంది. వాళ్లు వెళ్లబోతుంటే బొట్టు పెట్టే వంకతో పెళ్లికొడుకు తల్లిని పెరట్లోకి తీసుకెళ్లి, ఉన్నది చెప్పింది. సంబంధం పోయింది. అత్తయ్య చాలా ఏళ్లు మా గడప తొక్కలేదు.

"ఊళ్లో అందరికీ అబద్ధాలు చెబుతావు, అక్కడే ఎందుకే నీకు సత్యం పుట్టుకొచ్చింది?" అని నాన్న గట్టిగానే అడిగారు. "నా వంటింట్లో ఏముందో తెలియకపోతే పిన్నిగారికి పోయేదేముంది? ఆ పిల్లవాడు దాంతో బతకాలి. రాత్రి పూట ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో వాడికి తెలియాలా, అక్కర్లేదా?" అంది అమ్మ. ఆ రోజు నేను అమ్మ పక్షం. ఇప్పటికీ ఆ మాటలో తప్పు పట్టలేను.

కానీ చాలా కాలం తర్వాత వదిన నాతో ఒక మాటంది. "మా అమ్మ అబద్ధం చెప్పింది, మీ అమ్మ నిజం చెప్పింది, మామయ్య మాట తప్పించాడు. జబ్బు నాది. చెప్పనా వద్దా అని నన్నెవరూ అడగలేదు." అమ్మకి ఇది చెబితే కాసేపు ఊరుకుని "అవును, అడగలేదు" అంది. అంతే.

రెండో సంబంధం వచ్చినప్పుడు వదిన ఎవరికీ చెప్పకుండా పెళ్లికొడుక్కి తనే ఇన్‌లాండ్ కవరు రాసింది. ఆయన తిరుగు టపాలో, తనకి ఒక చెవి సరిగ్గా వినపడదనీ, ఇంట్లోవాళ్లు ఎవరికీ చెప్పొద్దన్నారనీ రాశాడు. పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. ఆ ఉత్తరాల సంగతి రెండు వైపుల పెద్దవాళ్లకీ చివరిదాకా తెలియదు.

ఇది రాస్తానని వదినకి ఫోన్ చేసి అడిగాను. రాయమంది. కానీ తనని ఎవరూ పోల్చుకోకుండా వరస మార్చమంది, చదువు మార్చమంది, ఇంకో రెండు విషయాలు కూడా మార్చమంది. మార్చాను. ఏవేం మార్చానో మాత్రం అడగకండి.